మూడు గురువారాలు

"ఇవాళ గురువారమా?" అన్నాడు భర్త, ఇస్త్రీ చేసిన చొక్కా అందుకుంటూ.

అది ప్రశ్న కాదు. ఆ ఇంట్లో 'ఇవాళ గురువారమా' అంటే 'ఇవాళ కూడా వెళ్తావా' అని. దాని కింద 'సాయంత్రం టీ ఎవరు పెడతారు' అని ఇంకో మాట. ఇంకా కిందికి తవ్వితే 'సరే, నీ ఇష్టం, నాకైతే నచ్చలేదు' అని మరో మాట. ఇరవై ఏడేళ్ళు కాపురం చేసిన మనిషికి ఇవన్నీ చదవడానికి కళ్ళజోడు అక్కర్లేదు. "ఆరున్నరకల్లా వచ్చేస్తానండీ. టీ ఫ్లాస్కులో పోసి వెళ్తాను. అత్తయ్య మాత్రలు చిన్న గిన్నెలో పెట్టాను. కూర వండేశాను, వేడి చేసుకుంటే చాలు" అంది. చెప్పాక ఆమెకే నవ్వొచ్చింది. రెండు వీధుల అవతలికి, గంటన్నరసేపు వెళ్ళడానికి, పొరుగు దేశం ప్రయాణమైనట్టు ఇన్ని అప్పగింతలు!

ఆ గంటన్నర ఊరికే రాలేదు. గురువారం నాడు ఆమె నాలుగున్నరకే లేచేది. రెండు పూటల వంటా ముగించి, అత్తగారి మోకాళ్ళకి నూనె రాసి కాపడం పెట్టి, బట్టలు ఆరేసి, ఎనిమిదిన్నరకి బడికి పరుగెత్తేది. ఒక పెద్ద బడిలో ఆమె ఆఫీసు గుమస్తా. హాజరు పట్టీలు, బదిలీ కాగితాలు, పిల్లల జబ్బు ఉత్తరాలు అన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. మీటింగు ఉన్న రోజున టీ పని కూడా వస్తుంది. అదే గదిలో ఇద్దరు మగ గుమస్తాలున్నారు, వాళ్ళకీ రెండేసి చేతులున్నాయి. కానీ హెడ్మాస్టరు ఆమె వైపే చూసి, "మీ చేతి టీ పడితేగానీ మాకు బుర్ర పనిచేయదమ్మా" అంటాడు. పొగడ్తలా చెప్పిన పనిని కాదనడం ఎలాగో ఆమెకి తెలీదు. నవ్వి లేచేది. లేచాక తన నవ్వు మీద తనకే ఒళ్ళు మండేది.

గురువారాల్లో ఆమెకి అల్లిక నేర్పే కండక్టరమ్మ పరిచయమైంది కీళ్ళ డాక్టరు దగ్గర. లోపల అత్తగారికి ఎక్స్‌రే తీస్తున్నారు. బయట ఎదురు బెంచీ మీద ఒక పెద్దావిడ స్వెటరు అల్లుతోంది. ఎడమ చూపుడువేలి మీద ఒక రంగు ఊలు, కుడి చూపుడువేలి మీద ఇంకో రంగు. సూదుల వైపు చూడనైనా చూడడం లేదు. ఈమెకి మామూలు మఫ్లర్లు, చంటిపిల్లల టోపీలు అల్లడం వచ్చు. చుట్టాల్లో ఎవరు నీళ్ళోసుకున్నా టోపీ ఆమెకే పురమాయించేవారు. ఇలాంటి అల్లిక మాత్రం కళ్ళారా చూడలేదు. ఆమె అలా చూస్తూ ఉండిపోతే పెద్దావిడ, "చూస్తే రాదమ్మాయ్, పట్టుకుంటే వస్తుంది. ఇలా జరుగు" అంది. సిటీ బస్సులో ముప్ఫై రెండేళ్ళు టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. వెనక సీటు దాకా వినిపించే గొంతు. యాభై దాటిన తనని 'అమ్మాయ్' అని పిలిచిన వాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి ఆమె కిక్కురుమనకుండా జరిగింది.

కండక్టరమ్మ ఒక్కతే ఉండేది. ముందు వరండా, ఒక గది, వంటిల్లు. మొగుడి సంగతి ఒక్కసారే చెప్పింది. "ఆయన స్టాపులో ఆయన దిగిపోయాడు. నేనూ రైట్ రైట్ అన్నాను" అని. ఇంకేమీ అడగనివ్వలేదు. డిపోలో విశ్రాంతి గదిలో కూచుని అల్లిక నేర్చుకుందట, డ్యూటీకీ డ్యూటీకీ మధ్య నలభై నిమిషాల్లో.

ఆవిడ నేర్పదలుచుకున్నది తేలిక విద్య కాదు. రెండు రంగులతో పూలూ ఆకులూ తెచ్చే స్వెటర్ని ముక్కలుగా అల్లకూడదంటుంది. గొట్టంలా, ఆగకుండా, గుండ్రంగా అల్లుకుంటూ పోవాలి. అప్పుడే డిజైను ముఖం ఎప్పుడూ మనవైపే ఉంటుంది, వెనక్కి తిప్పి గుడ్డిగా అల్లే బాధ ఉండదు. అంతా అయ్యాక ముందువైపు నడిమధ్యన, మెడ నుంచి కిందిదాకా, కత్తెరతో నిలువునా కోసేయాలి. మొదటిసారి విన్నప్పుడు ఆమె సూదులు పక్కన పెట్టేసింది. "కోస్తే విడిపోదా అక్కా? ఒక్క కుట్టు జారితేనే మొత్తం ఊడొస్తుంది కదా!" "ఊడొస్తుందనే అందరూ భయపడతారు. కోతకి అటూ ఇటూ ముందే సన్నంగా కుట్టు వేసుకుంటాం. పైగా ఊలు గరుకుది. నున్నటిదైతే జారిపోతుంది. గరుకుది పక్కదాన్ని పట్టుకుని వదలదు. కొయ్యి, ఏం కాదు."

మొదటి మూడు నెలలూ తలప్రాణం తోకకొచ్చింది. రెండు వేళ్ళ మీద రెండు దారాలు నడపడం అంటే రెండు చేతులతో రెండు ఉత్తరాలు ఒకేసారి రాయడమే. వెనకవైపు దారం కాస్త బిగిస్తే ముందువైపు ముడతలు, కాస్త వదిలితే కన్నాలు. కండక్టరమ్మ దాన్ని వెలుతురుకెత్తి చూసి, "విప్పేయ్" అనేది. కోపం లేకుండా, టికెట్ తీసుకోమన్నంత మామూలుగా. విప్పిన దారం మెలికలు మెలికలుగా ఒళ్ళో పడుతుంటే మొదట్లో ఏడుపొచ్చేది. ఆ తర్వాత ఎప్పటి నుంచో విప్పడం కూడా హాయిగా ఉండేది. తను చేసిన తప్పుని తనే విప్పి తనే దిద్దుకోవడం, మధ్యలో ఎవరి మందలింపూ లేకుండా! భర్తకి మాత్రం అదొక వేడుక. ఇంటికెవరొచ్చినా, "మా ఆవిడకి పెద్ద ఉద్యోగం దొరికింది. వారమంతా అల్లుతుంది, గురువారం వెళ్ళి విప్పుకొస్తుంది" అనేవాడు. వాళ్ళు నవ్వేవారు. ఆమె కూడా నవ్వి కాఫీ కప్పులు తీసేది. ఆయన చెడ్డవాడు కాడు. ఎప్పుడూ చెయ్యెత్తలేదు, అరవలేదు. ఆమె చేసేది ఏదైనా సరే చిన్నదని మాత్రం ఆయనకి పుట్టుకతోనే తెలుసు.

ఆమెకి ఆ లెక్కపెట్టడం ఇష్టం. తెలుపు మూడు, నీలం ఒకటి, తెలుపు రెండు. లెక్కపెడుతున్నంతసేపూ తలలోకి ఇంకేమీ దూరదు. అత్తగారి మందులు, హెడ్మాస్టరు టీ, ఆడపడుచు మాటలు అన్నీ గుమ్మం బయటే చెప్పులిప్పి నిలబడతాయి. కాకపోతే ఇంట్లో పది కుట్లు దాటకముందే పిలుపు వచ్చేది. "ఏమ్మా, మంచినీళ్ళు!" ఆమె లేస్తూ పైకి అనుకునేది: "నలభై ఏడు... వస్తున్నానత్తయ్యా... నలభై ఏడు." నీళ్ళిచ్చి వచ్చేసరికి ఆ నలభై ఏడు ముప్ఫై ఏడో యాభై ఏడో అయ్యేది. కండక్టరమ్మ వరండాలో మాత్రం ఎవరూ పిలవరు. రెండు కుర్చీలు, మధ్య పీట మీద ఊలు బుట్ట. పెద్దావిడ మాట్లాడితే మాట్లాడుతుంది, లేకపోతే లేదు. ఇద్దరు మనుషులు ఒకరికొకరు ఏమీ చేసిపెట్టకుండా పక్కపక్కన కూచోవచ్చని ఆమె అక్కడే తెలుసుకుంది.

పదకొండు నెలలకి స్వెటరు పూర్తయింది. ముదురు నీలం మీద తెల్లటి ఆకులు. చేతులు కూడా అల్లి పెట్టింది. కోత ఒక్కటే మిగిలింది. చూడటానికి మెడా ఒళ్ళూ ఉన్న సంచీలా ఉంది. కండక్టరమ్మ దాన్ని తిరగేసి వెనక దారాలు వేలితో తడిమి, మొదటిసారి "విప్పేయ్" అనలేదు. "నా చేతికంటే బాగా వచ్చింది" అంది. ఆమె తల దించుకుంది. ఆ మాట ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. "కోత మాత్రం నువ్వొక్కదానివే కొయ్యకు. మొదటిసారి చెయ్యి వణుకుతుంది. వచ్చే గురువారం నేను పక్కన కూచుంటా. నువ్వు కోద్దువుగాని."

ఆ వచ్చే గురువారం ఆడపడుచు వచ్చింది, ముందు చెప్పకుండా. "వదినా, నువ్వు వెళ్ళాలంటే వెళ్ళు, నాకేం" అంటూ కాళ్ళు చాపుకుని సోఫాలో కూచుంది. ఆ 'నాకేం'ని దాటి గుమ్మం దిగిన కోడలు ఆ ఇంట్లో ఇంతవరకూ లేదు. ఆమె ఫోన్ చేసింది. "వచ్చే వారం అక్కా." "బస్సు ఎక్కడికీ పోదులే అమ్మాయ్" అని నవ్వింది కండక్టరమ్మ. రెండో గురువారం బడిలో తనిఖీ. నాలుగింటికి సంచీ సర్దుకుంటుంటే హెడ్మాస్టరు, "మీరు వెళ్ళిపోతే ఎలాగమ్మా? ఆఫీసర్లకి టీ అదీ చూసుకోవాలి కదా" అన్నాడు. ఆరూ నలభైకి కప్పులు కడిగి బయటపడింది. మళ్ళీ ఫోను, మళ్ళీ "వచ్చే వారం అక్కా."

మూడోవారం కండక్టరమ్మే ఫోన్ చేసింది, బుధవారం మధ్యాహ్నం. ఆవిడ తనంతట తాను ఫోన్ చేయడం అదే మొదలు. "రేపు రాగలవా? గంట చాలు. అరగంటయినా సరే" అంది. గొంతు మామూలుగానే ఉంది. కాస్త నెమ్మదిగా ఉందేమో. "తప్పకుండా వస్తానక్కా" అంది ఆమె. సాయంత్రం భర్తకి చెబితే ఆయన పేపరు దించాడు. "రేపు మా ఆఫీసు వాళ్ళు వస్తున్నారని చెప్పాను కదా? అయిదుగురు. ఆ కోసేదేదో వచ్చే వారం కొయ్యకూడదూ? కత్తెర ఎక్కడికి పోతుంది?" ఆ మాటలో కోపం లేదు, బెదిరింపు లేదు. ఎవరు విన్నా సబబుగానే ఉందంటారు. ఆమెకీ ఉన్నట్టే అనిపించింది. గురువారం సాయంత్రం అయిదుగురికీ పలహారాలు వడ్డిస్తూ గడియారం వైపు రెండుసార్లు చూసింది. వాళ్ళలో ఒకాయన, "మీ ఇంటికొస్తే వెళ్ళబుద్ధి కాదండీ" అన్నాడు. నిజంగానే తొమ్మిదిదాకా వెళ్ళలేదు.

నాలుగో గురువారం ఎవరూ రాలేదు. సంచీలో స్వెటరు పెట్టుకుని, గబగబా రెండు వీధులూ దాటి వెళ్ళింది. తలుపుకి తాళం. వరండాలో కుర్చీలు గోడకి తిప్పి ఉన్నాయి. కూరలకి వెళ్ళిందేమోనని మెట్టు మీద కూచుంది. పావుగంటకి పక్కింటి నర్సు డ్యూటీ నుంచి వచ్చింది. ఆమెని చూసి, సంచీని చూసి, ఆగిపోయింది.

"అల్లిక నేర్చుకునే ఆవిడ మీరేనా?"

"అవునండీ. అక్క ఎక్కడికెళ్ళింది?"

నర్సు మెట్టు మీద ఆమె పక్కనే కూచుంది. అలా పక్కన కూచోవడంతోనే సగం చెప్పేసినట్టయింది. "పోయిన శుక్రవారం గుండె ఆపరేషన్ అని చేరిందమ్మా. నెల కిందటే తేదీ ఇచ్చారు. ఎవరికీ చెప్పనివ్వలేదు, కంగారు పడతారని. ఆదివారం పొద్దున్న పోయింది. అన్నకూతురు వచ్చి మంగళవారానికి అన్నీ ముగించింది. మీకు చెబుదామనుకున్నా. ఎలా చెప్పను? ఆవిడ ఫోను తెరవడం ఎవరికీ రాలేదు. మీ పేరు కూడా నాకు తెలీదు. ఆవిడెప్పుడూ 'మా అమ్మాయి' అనే అనేది."

ఆమె సంచీని ఒళ్ళోకి లాక్కుంది.

"ముందు రోజు గురువారం ఇక్కడే ఉందమ్మా, చీకటి పడేదాకా. రెండు కుర్చీలూ వేసుకుని. 'లోపలికి వెళ్ళి పడుకోండి, రేపు పొద్దున్నే ఆసుపత్రిలో చేరాలి కదా' అని నేనంటే, 'అమ్మాయి వస్తుంది' అంది." నర్సు లేచి తన ఇంట్లోకి వెళ్ళి, బట్టలో చుట్టిన కత్తెర తెచ్చింది. "ఇది మీకివ్వమంది. ఆ గురువారం పొద్దున్నే వెళ్ళి సాన పట్టించుకొచ్చింది. 'నేను వచ్చేదాకా కొయ్యద్దని చెప్పు' అంది."

ఆమె ఆ రెండు వీధులూ ఎలా నడిచి వచ్చిందో ఆమెకి గుర్తు లేదు. ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, అలవాటు కొద్దీ కూర పొయ్యి మీద పెట్టింది. గరిటె తిప్పుతూనే చెప్పింది. "కండక్టరమ్మ పోయిందండీ."

"అయ్యో!" అన్నాడు భర్త. నిజంగానే అన్నాడు. "ఎన్నేళ్ళుంటాయి?"

"అరవై ఎనిమిది."

"ఊఁ." కాసేపు ఆగాడు. పోయినవాళ్ళ కోసం ఎంతసేపు ఆగితే మర్యాదో అంతసేపు. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "అయితే ఇక నీకు గురువారాలు ఖాళీయే కదా? అమ్మకి ఆ మోకాళ్ళ వ్యాయామం చేయించే అతను గురువారం అయిదింటికైతే కుదురుతుందంటున్నాడు. చెప్పేయనా?" అన్నాడు.

ఆమె పొయ్యి కట్టేసింది. స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, బకెట్ పక్కన కూచుంది. ఏడుపు గొంతు దాకా వచ్చింది. ఇంతలో తలుపు మీద అత్తగారి చేతికర్ర చప్పుడు. "ఎంతసేపమ్మా? నాకు వెళ్ళాలి!" ఆమె మొహం తుడుచుకుని బయటికి వచ్చింది. ఆ ఏడుపు ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోయింది.

మర్నాడు బడిలో సెలవు అడిగింది, ఒక్క రోజు. హెడ్మాస్టరు కాగితం చూసి, "ఎవరు పోయారమ్మా? మీకేమవుతారు?" అన్నాడు. ఆమె నిలబడి ఆలోచించింది. అక్క అని పిలిచింది, కానీ అక్క కాదు. గురువు అంటే ఆవిడే పకపకా నవ్వేది. పక్కిల్లు కూడా కాదు, రెండు వీధులు. "తెలిసినావిడ సార్" అంది చివరికి. ఆ మాట నోట్లోంచి వచ్చాక తనని తాను చెంపదెబ్బ కొట్టుకున్నట్టయింది. "తెలిసినవాళ్ళకి సెలవంటే కష్టమమ్మా. చుట్టరికం రాయాలి ఇక్కడ" అన్నాడాయన మెత్తగా. ఆమె సీటుకెళ్ళి హాజరు పట్టీలు ముందేసుకుంది. రోజంతా అంకెలు కలిపింది. ఒక్క తప్పూ దొర్లలేదు. అందుకే ఆమెకి తన మీద అసహ్యమేసింది.

అంకెల మధ్యలో ఒకటే తిరిగింది ఆమె బుర్రలో. తనని ఎవరూ గదిలో పెట్టి తాళం వేయలేదు. వద్దని కూడా అనలేదు. ఆడపడుచు 'వెళ్ళు' అనే అంది. భర్త 'వచ్చే వారం' అన్నాడు. ఒక్కో మాటా చిన్నదే, ఒక్కో మాటా న్యాయమైనదే. అన్నీ కలిపి ఒక మనిషిని ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం ఖాళీ కుర్చీ పక్కన కూచోబెట్టాయి. భయమేసే ఉంటుంది ఆవిడకి. ముప్ఫై రెండేళ్ళు బస్సు మెట్టు మీద ఒంటికాలి మీద నిలబడ్డ మనిషికి, ఆ ఒక్క సాయంత్రం పక్కన ఎవరైనా కూచుంటే బాగుండుననిపించి ఉంటుంది. కోత నేర్పడానికి కాదు రమ్మన్నది. తను అల్లిక పాఠమనుకుని దాన్ని వాయిదా వేసింది. తన పని ఏదైనా వాయిదా వేయదగ్గదేనని ఆయన అనుకున్నాడు సరే, తను కూడా ఎందుకనుకుంది?

శనివారం మధ్యాహ్నం, భర్త బయటికి వెళ్ళాక, భోజనాల బల్ల తుడిచి స్వెటరు పరిచింది. కోత గీతకి అటూ ఇటూ సన్నంగా కుట్టు వేసింది. గంటకు పైగా పట్టింది. కత్తెర చేతిలోకి తీసుకుని మెడ దగ్గర ఆనించి ఆగిపోయింది. నేను వచ్చేదాకా కొయ్యద్దు. "ఇంకెప్పుడొస్తావక్కా?" అంది పైకే. కోసింది. గరుకు ఊలు కత్తెర కింద కరకరమంది. చెయ్యి వణికింది. వణుకుతూనే మెడ నుంచి కిందిదాకా కోసింది. అత్తగారు గుమ్మంలోకి వచ్చి కెవ్వుమంది. "అయ్యో అయ్యో! మనసు బాగోకపోతే మాత్రం, ఏడాది కష్టాన్ని అలా నరికేసుకుంటావుటే!" ఆవిడ కంగారు నిజమైనదే. అటూ ఇటూ తెరుచుకున్న అంచుల్లోంచి ఒక్క పోగు కూడా జారలేదు. ఆమె ఆ అంచుని వేలితో తడిమింది. సరిగ్గా వచ్చింది. ఎంత సరిగ్గా వచ్చిందో ఈ ప్రపంచం మొత్తం మీద ఒక్కరికే అర్థమయ్యేది.

సాయంత్రం భర్త దాన్ని చూశాడు. అత్తగారు అప్పటికే కథంతా చెప్పేసింది. ఆయన అటూ ఇటూ తిప్పి, "బాగానే వచ్చిందే!" అన్నాడు. మెచ్చుకునే అన్నాడు. "చూశావా, నువ్వొక్కదానివే చేసేశావు. ఈ మాత్రానికి ఆవిడ పక్కనుండాలని అంత హైరానా పడ్డావు."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. అందులో వెక్కిరింపు కోసం వెతికింది. దొరికితే కోపం తెచ్చుకోవచ్చు. దొరకలేదు. ఇరవై ఏడేళ్ళుగా పక్కన పడుకున్న మనిషికి, ఆమెకి ఏం పోయిందో నిజంగానే తెలియదు. చెబితే తెలుస్తుందని ఆమె ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చింది. ఆ సాయంత్రం ఆ ఆశ కూడా పోయింది. దానికి చప్పుడేమీ కాలేదు. స్వెటరు మడిచి లోపల పెట్టి, వంటింట్లోకి వెళ్ళింది.

గురువారం వచ్చింది. నాలుగూ ముప్పావుకి భర్త ఆఫీసు నుంచి ఫైలు కోసం వచ్చి ఉన్నాడు. ఆమె జుట్టు దువ్వుకుని హాల్లోకి వచ్చింది. చేతిలో సంచీ లేదు, సూదులు లేవు.

"వ్యాయామం అతను అయిదింటికి రమ్మన్నాడు. ఆటో పిలిచావా?" అన్నాడాయన.

"అత్తయ్యని మీరు తీసుకెళ్ళండి. కాగితాలు ఫ్రిజ్ మీద ఉన్నాయి."

"నేనా? నాకు ఆఫీసుంది. నువ్వెక్కడికి?"

"కండక్టరమ్మ ఇంటికి. నెలాఖరుదాకా ఇల్లు ఖాళీ చేయరట, వరండా అలాగే ఉంటుందట. నర్సు చెప్పింది."

ఆయన ఫైలు పక్కన పెట్టి, అయోమయంగా చూశాడు. "ఆవిడే లేదు కదా. అక్కడికెళ్ళి ఏం చేస్తావు?"

"ఏడుస్తాను" అంది ఆమె, చెప్పులేసుకుంటూ.